లినక్స్‌లో ప్రింటర్ అమరిక: అనంతపురం మెట్ట సీమలో

లినక్స్ మీద కట్టిన ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మన దేశంలో సీ-డాక్ తయారుచేసిన బాస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు నడిచే కంప్యూటర్‌కు ప్రింటర్‌ను కలిపి, కాగితం మీద అచ్చు సరిగా పడేలా చేయడాన్ని ప్రింటర్ అమరిక అంటారు. ఇందుకు నేడు దాదాపు అన్ని లినక్స్ పంపిణీలూ వాడేది కప్స్ అనే ఒకే ముద్రణ వ్యవస్థను. ఒకప్పుడు నిపుణులకే చేతనైన ఈ పని ఇప్పుడు చాలా ప్రింటర్ల విషయంలో తీగ తగిలిస్తే అయిపోతుంది. కొన్ని ప్రింటర్లు మాత్రం ఇప్పటికీ పొద్దంతా తినేస్తాయి. ఏ ప్రింటర్ ఏ కోవలోకి వస్తుందన్నది అమర్చే మనిషి నేర్పు కంటే కొన్న మోడల్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

అనంతపురం ప్రాంతంలో లినక్స్ మీద అచ్చుపని గురించి మాట్లాడాలంటే ముందుగా చెప్పుకోవలసింది న్యాయస్థానాల గురించి. కోర్టుల కంప్యూటరీకరణ కోసం 2004లో ఏర్పడిన ఈ-కమిటీ మరుసటి ఏడాది జాతీయ విధాన పత్రం రూపొందించింది. 2007లో ఈ-కోర్ట్స్ పథకం మొదలైంది. లైసెన్సు ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ మీదే దేశంలోని జిల్లా, తాలూకా కోర్టులన్నిటినీ నడపాలని తలచిన ఈ-కమిటీ ఉబుంటును తమ అవసరాలకు మలచుకుని, కోర్టు కంప్యూటర్లకూ న్యాయాధికారుల ల్యాప్‌టాప్‌లకూ ఎక్కించింది. కేసుల వివరాలు నమోదు చేసే సీఐఎస్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిముట్లతోనే తయారైంది. న్యాయాధికారులకు ఉబుంటు నేర్పడానికి వారిలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారుచేశారు. అనంతపురం, గుత్తి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి కోర్టులు ఈ పథకం పరిధిలోనివే.

కోర్టు పనికి తెర మీది అక్షరం చాలదు. సాక్షి చెప్పింది టైపు చేసి, అచ్చు తీసి, చదివి వినిపించి సంతకం పెట్టించాలి. ఏ రోజు ఏ కేసులు విచారణకు వస్తాయో చెప్పే కాజ్ లిస్టు అతికించాలి. తీర్పు నకళ్లు ఇవ్వాలి. ప్రింటర్ మొరాయిస్తే విచారణ ఆగుతుంది. అందుకే దేశంలో లినక్స్ మీద ముద్రణకు ఇంతకంటే గట్టి పరీక్ష మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని విధానం ప్రకటించింది. కోర్టులు అప్పటికే ఆ దారిలో నడుస్తున్నాయి.

కరువు సీమలో కాగితానికి విలువ ఎక్కువ. పడమటి కనుమల వర్షచ్ఛాయలో పడి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల ఇది. పంట రుణం, వేరుశనగ బీమా, ఉపాధి పని, అన్నీ కాగితంతో ముడిపడినవే. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఇక్కడి నార్పల మండలం బండ్లపల్లిలోనే. జాబ్ కార్డు, మస్టరు, వేతన చీటీ అన్న మాటలు ఇక్కడి ఇళ్లలో అందరికీ తెలిసినవే. కార్యాలయాల బయట జిరాక్స్ షాపులకు గిరాకీ తగ్గకపోవడానికి కారణం ఇదే. పాత కంప్యూటర్‌ను పారేయకుండా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో మరికొన్నేళ్లు నడుపుకోవాలనుకునే చిన్న షాపుకు లినక్స్ పనికొచ్చే వస్తువు. అయితే షాపు నడిచేది ప్రింటర్ మీద.

ప్రింటర్ తగాదాలోంచి పుట్టిన ఉద్యమం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి బీజం పడిందే ఒక ప్రింటర్ దగ్గర. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అది వేరే అంతస్తులో ఉండేది, కాగితం తరచూ ఇరుక్కునేది. అంతకుముందున్న ప్రింటర్ ప్రోగ్రామ్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ సవరించి, కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్నవారికి కబురు అందేలా చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని మూల సంకేతం ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అది ఉన్న వ్యక్తిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం చేశానన్నాడు. ఆ తిరస్కారం స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి దారితీసిన కారణాల్లో ఇదొకటి.

లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ యంత్రాల్లో అప్పట్లో రెండు ముద్రణ పద్ధతులు ఉండేవి: బర్క్‌లీ వారిది ఒకటి, సిస్టమ్ ఫైవ్ వారిది మరొకటి. రెండూ వరసల ప్రింటర్ల కాలానివి. ప్రింటర్‌కు ఏ సైజు కాగితం ఉంది, రెండు వైపులా తీస్తుందా అన్న ఊసే వాటికి లేదు. ఈ లోటు తీర్చడానికి మైకేల్ స్వీట్ తన ఈజీ సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్స్ సంస్థలో కప్స్‌ను 1997లో మొదలుపెట్టి 1999లో బయటికి తెచ్చాడు. 2002లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో దాన్నే పెట్టుకుంది. 2007లో మూల సంకేతాన్ని కొని, స్వీట్‌ను ఉద్యోగంలోకి తీసుకుంది. మ్యాక్‌లో నడిచేదీ లినక్స్‌లో నడిచేదీ ఒకే ముద్రణ వ్యవస్థ కావడం లినక్స్ వాడేవారికి ఎంతో కలిసొచ్చింది. ఆపిల్ ఫోన్లకు, మ్యాక్‌లకు పనికొచ్చేలా ప్రింటర్లు తయారుచేసిన కంపెనీలు తమకు తెలియకుండానే లినక్స్‌కూ మేలు చేశాయి. 2019 చివర స్వీట్ ఆపిల్‌ను విడిచిపెట్టాడు. ఆ తర్వాత కప్స్ అభివృద్ధి టిల్ కాంప్‌టర్ నడిపే ఓపెన్‌ప్రింటింగ్ బృందం చేతికి వచ్చింది. 2021 నవంబరులో వచ్చిన 2.4 వెర్షన్ వారిదే.

అచ్చు నడిచే దారి

లిబ్రెఆఫీస్‌లో ప్రింట్ నొక్కగానే ఆ పత్రం పీడీఎఫ్‌గా మారి కప్స్ వరుసలోకి, అంటే క్యూలోకి చేరుతుంది. అక్కడ ఫిల్టర్లు దాన్ని ప్రింటర్‌కు అర్థమయ్యే రూపానికి మారుస్తాయి. చివరగా బ్యాకెండ్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని యూఎస్‌బీ తీగ మీదుగానో నెట్‌వర్క్ మీదుగానో పంపుతుంది. డ్రైవర్ అన్నది ఈ నడుమ నిలిచే దుబాసీ. ప్రింటర్‌కు వచ్చిన భాష అందరికీ తెలిసినదైతే దుబాసీతో పనే ఉండదు. దాని భాషను తయారీదారు గుట్టుగా ఉంచుకుంటే చిక్కు మొదలవుతుంది.

ఈ లెక్కన మన బజారులో దొరికే ప్రింటర్లను చూద్దాం. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ వంటి ప్రామాణిక భాషలు వచ్చిన ఆఫీసు ప్రింటర్లు లినక్స్‌తో ఎన్నడూ పేచీ పెట్టుకోలేదు. కానీ అవి ఖరీదు. ధర తగ్గించడానికి కంపెనీలు ప్రింటర్‌లోని మెదడును పీకేసి, పేజీ లెక్కలన్నీ కంప్యూటరే చేసుకోవాలన్నాయి. మన ఊళ్లలో షాపు షాపుకూ పాకిన చౌక లేజర్ ప్రింటర్లు చాలావరకు ఈ జాతివే.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వాటిలో పేరుమోసింది. దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ దాని కడుపులో ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఎక్కించాలి. లినక్స్‌లో ఆ పని హెచ్‌పీ స్వయంగా అందించే హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. కానీ దానికి తోడుగా ప్లగిన్ అనే మూసిన ముక్కను, అంటే మూల సంకేతం బయటపెట్టని భాగాన్ని, ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. ఈ ప్లగిన్ సంగతి తెలియక, ప్రింటర్ పేరు తెర మీద కనబడుతున్నా కాగితం కదలక తల పట్టుకున్నవారు ఎందరో. రిక్ రిచర్డ్‌సన్ రాసిన ఫూటూజెడ్‌జేఎస్ అనే స్వేచ్ఛా డ్రైవర్‌కు కూడా ఫర్మ్‌వేర్ విడిగా ఎక్కించుకోక తప్పదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ ప్రింటర్ అన్నీ మరిచిపోతుందన్నది ఈ ప్రాంతం వారు గుర్తుంచుకోవాలి.

క్యానన్ ఎల్‌బీపీ 2900 కథ ఇంకా మొండిది. ఇది వాడే క్యాప్ట్ అనే భాష క్యానన్ సొంతం. కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్‌లో కొన్ని భాగాలు 32-బిట్ కాలం నాటి మూసిన ముక్కలు. ఇప్పటి 64-బిట్ ఉబుంటులో అది నడవాలంటే పాత లైబ్రరీలు వెతికి పెట్టాలి. దానికితోడు వెనక ఒక ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ఆ భాషను బయటి నుంచి గమనించి స్వేచ్ఛా డ్రైవర్ రాసినవారు ఉన్నారు. పాత 32-బిట్ కంప్యూటర్ ఉన్నవారు దాన్నే ఈ ప్రింటర్‌కు కాపలా పెట్టి, మిగతా కంప్యూటర్ల నుంచి నెట్‌వర్క్ మీద అచ్చు పంపించుకోవడం మరో మార్గం. యంత్రంగా ఎల్‌బీపీ 2900 ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. లినక్స్ వాడేవారు కొత్తగా కొనవలసినది మాత్రం కాదు.

బ్రదర్ కంపెనీ చౌక లేజర్లకు బీఆర్‌లేజర్ అనే స్వేచ్ఛా డ్రైవర్ ఉంది. ఎప్సన్ ఇంక్‌జెట్లకు, వాటిలో చాలా ఇంక్ ట్యాంక్ మోడళ్లకు, కంపెనీ విడుదల చేసిన డ్రైవర్ డెబియన్, ఉబుంటు భాండాగారాల్లోనే దొరుకుతుంది. డాట్ మ్యాట్రిక్స్ సంగతి వేరు. టీవీఎస్, ఎప్సన్ యంత్రాలు దశాబ్దాల నాటి ఈఎస్‌సీ-పీ భాషకే కట్టుబడి ఉన్నందున లినక్స్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు ఇట్టే పడతాయి. కార్బన్ కాగితంతో రెండు మూడు ప్రతులు ఒకేసారి కావాలన్నచోట ఆ గరగర ఇప్పటికీ వినిపిస్తుంది.

2010లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్, 2013లో వచ్చిన ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణం ఈ దుబాసీల గొడవను చాలావరకు తీర్చాయి. ఈ ప్రమాణాలు పాటించే ప్రింటర్ తన సంగతులన్నీ తానే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. రంగుల్లో అచ్చు వేస్తుందా, రెండు వైపులా తీస్తుందా, ట్రేలో ఏ కాగితం ఉంది వంటివన్నీ అందులో ఉంటాయి. వైఫైలో ఉంటే అది వెంటనే జాబితాలో కనబడుతుంది. 2021లో వచ్చిన డెబియన్ 11 నుంచి యూఎస్‌బీ తీగతో కలిపినా ఇదే పద్ధతి పనిచేస్తోంది.

అమర్చే క్రమం

ఉబుంటులో సెట్టింగ్స్ తెరిచి ప్రింటర్ల విభాగంలోకి వెళ్తే, తీగ తగిలించిన ప్రింటర్ చాలాసార్లు తనంతట తానే చేరి ఉంటుంది. లేకపోతే జోడించు అన్న మీట నొక్కాలి. అక్కడా కనబడకపోతే కప్స్ సొంత పేజీ ఉంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని రాసి, కోలన్ గుర్తు పెట్టి, 631 అన్న పోర్టు సంఖ్య చేరిస్తే అది తెరుచుకుంటుంది. అడ్మినిస్ట్రేషన్‌లో ప్రింటర్‌ను చేర్చేటప్పుడు పేరు, సంకేతపదం అడుగుతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఎల్‌పీఅడ్మిన్ అనే గుంపులో ఉన్న వాడుకరికే ఆ అధికారం. కొత్తవారు ఇక్కడే ఎక్కువగా ఆగిపోతారు.

హెచ్‌పీ అయితే ముందుగా హెచ్‌పీలిప్ వేసుకుని, అందులోని అమరిక ప్రోగ్రామ్ నడిపిస్తే ప్లగిన్ అవసరమో కాదో అదే చెబుతుంది. చేర్చాక పరీక్ష పేజీ తీసి చూడాలి. అది బాగా పడి, మన పత్రం మాత్రం పడకపోతే తప్పు ప్రింటర్‌ది కాదని తేలిపోయినట్టే. మల్టీఫంక్షన్ యంత్రాల్లోని స్కానర్‌కు వేరే వ్యవస్థ ఉంది. అచ్చు పడినంత మాత్రాన స్కానర్ కూడా పనిచేస్తుందని అనుకోకూడదు.

తెలుగు అక్షరం

తెలుగు 1991లోనే, యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే, చోటు సంపాదించుకుంది. అయినా తెర మీద, కాగితం మీద ఒత్తులు కుదురుగా కూర్చోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు లినక్స్‌లో అక్షరాలను అమర్చే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఫాంట్ పీడీఎఫ్‌లోనే ఇమిడి వస్తుంది. కాబట్టి ప్రింటర్‌కు తెలుగు రానక్కర్లేదు. అది గీతల్ని, చుక్కల్ని అచ్చు వేస్తుందంతే. డాట్ మ్యాట్రిక్స్‌లో కూడా తెలుగు బొమ్మగానే వెళ్తుంది కనుక ఇంగ్లిష్ కంటే చాలా నెమ్మదిగా పడుతుంది.

ఒత్తులు చెదిరితే ముందుగా పత్రాన్ని పీడీఎఫ్‌గా భద్రపరిచి తెర మీద చూడాలి. అక్కడే చెదిరి ఉంటే దోషం ఫాంట్‌ది. అక్కడ బాగుండి కాగితం మీద చెదిరితే దోషం ఫిల్టర్‌దో డ్రైవర్‌దో. అలాంటప్పుడు బొమ్మగా ముద్రించు అన్న ఎంపిక చాలా సందర్భాల్లో గట్టెక్కిస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భాండాగారంలోనే ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, గిడుగు, ధూర్జటి, రామభద్ర వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. వాటిలో శ్రీకృష్ణదేవరాయ పేరిట ఒకటి ఉంది. పెనుకొండను రాజధానుల్లో ఒకటిగా చేసుకున్న విజయనగర వంశాల సీమకు అది తగిన ఫాంటే. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కూర్చిన పాత పత్రాలు మాత్రం యూనికోడ్ కావు. వాటిని లినక్స్‌లో తెరిస్తే చెత్త అక్షరాలు కనబడతాయి. అటువంటివి పీడీఎఫ్‌గా తెచ్చుకోవడమే దారి.

కాగితం సైజు, కరెంటు, దుమ్ము

కోర్టు కాగితమంటే లీగల్ అన్న అలవాటు మనకు బలంగా పాతుకుంది. సుప్రీంకోర్టు 2020లో ఏ4 కాగితానికి, రెండు వైపులా అచ్చుకు మారింది. అయినా ఊళ్లలో రెండు సైజులూ నడుస్తూనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లోని లీగల్ అమెరికన్ కొలత: 216 మిల్లీమీటర్ల వెడల్పు, 356 పొడవు. మన దుకాణాల్లో లీగల్ పేరుతో అమ్మే కట్ట సాధారణంగా 215కి 345. ఆ పదకొండు మిల్లీమీటర్ల తేడాకే అడుగు వరస తెగిపోవడం, ప్రింటర్ కాగితం కోసం ఎదురుచూస్తూ నిలిచిపోవడం జరుగుతాయి. కస్టమ్ సైజు ఒకసారి నమోదు చేసి దాన్నే డిఫాల్ట్‌గా ఉంచాలి. కొన్ని ప్రోగ్రామ్‌లు అమెరికన్ లెటర్ సైజును పట్టుకుని వేలాడతాయి, దాన్నీ మార్చాలి.

అచ్చు మధ్యలో కరెంటు పోతే కప్స్ ఏం చేస్తుందన్నది దాని లోప విధానాన్ని బట్టి ఉంటుంది. ప్రింటర్‌ను ఆపు అన్న విధానం ఉంటే, కరెంటు వచ్చాక కూడా క్యూ నిలిచే ఉంటుంది. వాడుకరి ప్రింటర్ చెడిపోయిందనుకుంటాడు. కప్స్ పేజీలో దాన్ని మళ్లీ కొనసాగించాలి. మళ్లీ ప్రయత్నించు అన్న విధానానికి ముందే మార్చి ఉంచితే ఈ బాధ తప్పుతుంది. కోతలున్న చోట ఇది తప్పక చేసుకోవలసిన మార్పు. లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించకూడదు. కాగితం మీద పొడిని కరిగించి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది. సాధారణ 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల ప్రాంతమే. కంప్యూటర్‌ను యూపీఎస్ మీద, ప్రింటర్‌ను గోడ సాకెట్ మీద ఉంచడమే సరైన పద్ధతి.

చాలా ప్రింటర్లకు తయారీదారులు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 32 నుంచి 35 డిగ్రీలు. అనంతపురంలో వేసవి 40 దాటుతుంది. పొడిగాలిలో కాగితాలకు స్థిర విద్యుత్తు పట్టి రెండేసి ఒకేసారి లోపలికి పోతాయి. దుమ్ము పట్టిన రబ్బరు రోలరు కాగితాన్ని పట్టలేక జారుతుంది. తడి గుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టుకుంటుంది. ఇంక్‌జెట్ వారం పది రోజులు వాడకుండా ఉంటే ఈ ఎండకు నాజిల్‌లో సిరా గడ్డకట్టే ప్రమాదం ఉంది. రోజూ నాలుగు పేజీలైనా తీసే షాపుకు ఇంక్ ట్యాంక్ లాభమే. నెలకోసారి వాడే ఇంటికి లేజరే మేలు. సిరా గడ్డకడితే దాన్ని ఏ ఆపరేటింగ్ సిస్టమూ కరిగించలేదు.

భద్రత

జిరాక్స్ షాపులో ఆధార్ కార్డు, పాసుపుస్తకం అచ్చు తీయించుకునే వారికి ఒక సంగతి తెలియాలి. కప్స్ మామూలు అమరికలో అచ్చయిపోయిన పత్రాన్ని కూడా ఒక రోజు పాటు తన దగ్గరే ఉంచుకుంటుంది. షాపువారు దీన్ని మార్చి, పని కాగానే చెరిపేసేలా పెట్టవచ్చు. వాట్సాప్ ద్వారా వచ్చి డౌన్‌లోడ్ల ఫోల్డర్‌లో మిగిలిపోయే ప్రతులు అంతకంటే ప్రమాదం. 2024 సెప్టెంబరులో సిమోనె మార్గరితెల్లి అనే పరిశోధకుడు నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను వెతికే కప్స్-బ్రౌజ్డ్ అనే భాగంలో తీవ్రమైన లోపం బయటపెట్టాడు. కొద్ది రోజుల్లోనే సవరణలు వచ్చాయి. అప్పటి నుంచి అప్‌డేట్ చేయని కంప్యూటర్లు ఉంటే వెంటనే చేయాలి. ఒకే ప్రింటర్‌ను తీగతో వాడే షాపులో ఆ భాగాన్ని ఆపేసినా నష్టం లేదు.

ముందు రాబోయేది

పీపీడీ అనే వర్ణన ఫైళ్ల మీద ఆధారపడిన పాత డ్రైవర్ల పద్ధతిని తర్వాతి తరం కప్స్ వదిలిపెడుతోంది. పాత యంత్రాల కోసం ప్రింటర్ అప్లికేషన్లు అనే వారధులు వస్తున్నాయి. అవి పాత ప్రింటర్‌ను కొత్త ప్రమాణం పాటించేదానిలా కనబడేట్టు చేస్తాయి. మూసిన ముక్కల మీద బతికే మోడళ్లకు అలాంటి వారధి ఎవరైనా కడితేనే మనుగడ.

కాబట్టి కొనబోయే వారు దుకాణంలో ధర అడిగే ముందు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ అన్న గుర్తు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ మోడల్ పేరును ఓపెన్‌ప్రింటింగ్ వారి జాబితాలో వెతకండి. రెండు చోట్లా కనబడకపోతే, ఎంత చవకైనా, లినక్స్ కోసం ఆ ప్రింటర్ కొనకండి.